అక్కకు కూడా తెరవని ఫైలు

సీతామహాలక్ష్మి గారు ఇక లేరన్న వార్త మొన్న సోమవారం ఉదయం ఆఫీసులో అడుగుపెడుతుండగానే విన్నాను. శుక్రవారం సాయంత్రం దాకా నా పక్క కుర్చీలో కూర్చుని పనిచేసిన మనిషి! ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. రాజమండ్రిలో మా ఆసుపత్రి డేటాబేసుకు ఆవిడే తొలి సంరక్షకురాలు, నాకు ఈ విద్య నేర్పిన గురువు. కొన్నాళ్లుగా చిక్కిపోతున్నారు. ఏంటండీ ఇలా అయిపోతున్నారని అడిగితే, "ఎండలు కదమ్మా" అని మాట మార్చేసేవారు.

కేసు షీట్లు అటక మీద చెదలు పట్టిపోతున్న రోజుల్లో ఆవిడ ఇక్కడ చేరారు. నిర్విరామ కృషితో వాటన్నిటినీ కంప్యూటరుకెక్కించారు. తరువాత ల్యాబును, మందుల దుకాణాన్ని, రెండో శాఖను ఒకే డేటాబేసు కిందకు తెచ్చారు. ఇవాళ రక్తపరీక్ష ఫలితం నేరుగా రోగి ఫోనుకే చేరుతోందంటే ఆ వెబ్ సర్వీసు ఆవిడ చలవే. "బ్యాకప్ తీశానని సంబరపడకమ్మా, వేరే మెషీన్లో ఎక్కించి చూశాక అప్పుడు చెప్పు" అనేవారు. చూపించేదాకా నన్ను భోజనానికి కూడా లేవనిచ్చేవారు కారు.

మా గోదావరి వాళ్ల మొహమాటంతోనే ఆవిడకు అసలు పోరు. ఎదుటి మనిషి పాస్‌వర్డ్ అడిగితే కాదనడం మర్యాద కాదనుకునే జనం మేము. రిసెప్షన్లో అందరిదీ ఒకటే పాస్‌వర్డ్, అదీ అన్నవరం స్వామి పేరు. "స్వామి మనల్ని కాపాడతారు గానీ, మనం గోడకంటించిన పాస్‌వర్డ్‌ని ఆయన మాత్రం ఏం కాపాడతారండీ?" అని నవ్వుతూనే ఎవరిది వారికి మార్పించారు. ఎవరు ఎవరి ఫైలు తెరిచినా పేరుతో సహా నమోదయ్యే ఏర్పాటు చేశారు. తనకు సంబంధం లేని రోగి ఫైలు తెరుచుకోలేదని డైరెక్టరు గారు ఒకసారి మండిపడ్డారు. "మీ ఫైలూ ఇంతే భద్రంగా ఉంటుందండీ" అన్నారు ఆవిడ. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు ఆసుపత్రిలో తెలిసినవాళ్లుంటే పిల్ల ఆరోగ్యం గురించి గుట్టుగా ఆరా తీయడం మా వైపు మామూలే. కొన్నేళ్ల కిందట ఆవిడ అక్కగారు సత్యవతి గారు ఆ పని మీదే పెనుగొండ నుంచి వచ్చారు. తల్లి పోయాక చెల్లెల్ని పెంచి పెద్ద చేసింది ఆ అక్కే. కొడుక్కి కోరుకొండ సంబంధం చూస్తున్నారు. నేనక్కడే ఉన్నాను.

"ఆ పిల్ల ఇక్కడే ఉండి వైద్యం చేయించుకుందట. ఒక్కసారి చూసి చెప్పవే."

"చూడనక్కా."

"నేనేమన్నా పరాయిదాన్నా?"

"కాదు. కానీ ఆ పిల్ల మమ్మల్ని నమ్మి చెప్పుకుంది. నువ్వడిగినా తప్పు తప్పేనక్కా."

సత్యవతి గారు కాఫీ ముట్టకుండా లేచి వెళ్లిపోయారు. అనుమానంతోనే ఆ సంబంధం వదులుకున్నారట. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. ఈవిడ పండగలకు ఫోన్ చేసేవారు, అక్క ఎత్తేవారు కారు. ఈవిడ ఫోను బల్ల మీద పెట్టి కాసేపు దానివైపే చూసి, మళ్లీ పనిలో పడేవారు.

అంత్యక్రియలైన మర్నాడు సత్యవతి గారు మా ఆఫీసుకొచ్చారు.

"దాని దగ్గర పని నేర్చుకున్నది నువ్వే కదమ్మా? నా చెల్లెలికేం జబ్బొచ్చిందో చెప్పు తల్లీ. మీ కంప్యూటర్లో ఉంటుందిగా."

డేటాబేసు తాళాలిప్పుడు నా చేతిలోనే ఉన్నాయి. "నేను చూడకూడదండీ. డాక్టరు గారిని అడుగుదాం రండి" అన్నాను. తిడతారనుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని భోరుమన్నారు. "అచ్చం దానిలాగే అంటున్నావమ్మా!"

వైద్యం చేసిన డాక్టరు గారు సత్యవతి గారిని చూడగానే లేచి నిలబడ్డారు. "మీరొస్తారని మీ చెల్లెలు చెప్పారండి. బతికుండగా చెబితే జాలిపడి మాట్లాడతారు, అలా వద్దన్నారు. తరువాత మా అక్క వచ్చి అడిగితే మాత్రం ఏదీ దాచకండి, ఇంకెవరికీ చెప్పకండి అన్నారు."

సత్యవతి గారిని లోపల కూర్చోబెట్టి, నేను తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చేశాను. కాసేపటికి ఆవిడ ఏడుపు వరండా దాకా వినిపించింది.

ముక్కూమొహం తెలియని వేలాదిమంది గుట్టును తన గుట్టుగా కాచిన ఆ పుణ్యమూర్తి స్థానాన్ని మాలో ఎవరమూ భర్తీ చేయలేము. ఆవిడ ఏ వ్యాధితో కన్నుమూశారో నాకీ రోజుకీ తెలియదు. తెలుసుకోవడం నాకు నిమిషం పని. ఆ ఫైలు నేను తెరవను. నా గురువుకు నేనర్పించగల అంజలి ఇదే.