వేలికి తగిలిన ముడి

ఈ సంగతి చెప్పుకోవడానికి ఒక మనిషి కోసం పదిహేనేళ్ళుగా వెతుకుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పలేను. వాళ్ళు నన్ను మంచివాడనుకుంటున్నారు, ఆ అనుకోవడం నాకు అవసరం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

హిందూపురంలో ఒక చీరల కొట్టుకు ప్రకటనలు రాసేవాణ్ణి. ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వచ్చి, కాలేజీ పిల్లలు పేజీలు తెరిచి ఫోటోలు పెట్టుకుంటున్న రోజులవి. మా కొట్టుకూ ఒక పేజీ తెరిచాను. దాన్ని చూసేది ఎక్కువగా బెంగళూరులో ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు. పల్లెలకు మాత్రం ఆటోలో మైకు, చేతికి పాంప్లెట్టు. ఎవరికి ఏ మాట చెబితే చీర కొంటారో నాకు బాగా పట్టుబడింది. "నువ్వు ఏ ఎండకా గొడుగు పడతావప్పా" అని యజమాని మెచ్చుకునేవాడు. సిగ్గు లేకుండా మురిసిపోయేవాణ్ణి.

పేజీలో పెట్టే ఫోటో కోసం ధర్మవరం వెళ్ళి ఓబులేసన్నను కలిశాను. ఆయన, ఆయన భార్య లక్ష్మమ్మ వదిన, ఇద్దరూ ఇంట్లోనే మగ్గం నేసేవాళ్ళు. మా కొట్టుకు కొన్ని చీరలు ఇచ్చేవాడు గానీ, ఎక్కువ భాగం పెనుకొండ వైపు పల్లెల్లో పెళ్ళిళ్ళకు తానే మోసుకెళ్ళి అమ్మేవాడు. ఆ ఇళ్ళ మీదే ఆయన బతుకు. ఫోటో తీశాక చీర తిరగేసి, నా బొటనవేలు పట్టుకుని వెనకవైపు రుద్దించాడు. ఒకచోట సన్నగా ఏదో తగిలింది. నేస్తుంటే పోగు తెగుతుందట, తెగినచోట చేత్తో ముడేస్తారట. చేత్తో నేసిన చీరలో అలాంటిది ఎక్కడో ఒకచోట తప్పదని, అందులో దాచాల్సిందేమీ లేదని చెప్పాడు.

ఆయన ఫోటో కింద ఇలా రాశాను. "చీర వెనక వేలితో రుద్దండి. ముడి తగిలిందా? అక్కడ ఒక నేతగాడి చెయ్యి ఉంది." బెంగళూరు వాళ్ళు తెగ మెచ్చుకున్నారు. ఓబులేసన్న ఆ పేజీ ప్రింటు అడిగి తీసుకుని, లామినేషన్ చేయించుకున్నాడు.

ఆ ఏడాది పెళ్ళిళ్ళ కాలానికి యజమాని లారీడు మరమగ్గం చీరలు దించాడు. యంత్రం నేసినవి కాబట్టి వాటి వెనక ముళ్ళుండవు. అవి పల్లెల్లో పోవాలి. కొత్త మాట కోసం వెతకడమెందుకు, ఉన్నదాన్నే తిరగేస్తే సరిపోతుంది కదా అనిపించింది. "చీర వెనక వేలితో రుద్దండి. ముడి తగిలితే అది లోపమున్న చీర. మా దగ్గర ముడి లేని పట్టు." రాసే ముందు ఒక్క క్షణమైనా ఆలోచించానా? లేదు. టీ తాగుతూ రాశాను. ఆటో పదిరోజులు పెనుకొండ పల్లెలన్నీ తిరిగింది.

ఒక మధ్యాహ్నం ఓబులేసన్న కొట్టుకు వచ్చాడు. చంకలో చీరల మూట విప్పినట్టే లేదు. చేతిలో నా పాంప్లెట్టు.

"ఏమప్పా, యాడికి పోయినా చీర తిరగేసి రుద్దతాండారు. లోపం చీర తెచ్చినావంటాండారు. పెండ్లికూతురి తల్లి మూట ఎత్తి బయట పెట్టింది. ఈ మాట రాసిండేది ఎవురు?"

"మాకు తెలీదన్నా. బెంగళూరు నుంచి కంపెనీవాళ్ళు పంపించినారు. ఈడ పంచేంత వరకే మా పని."

"అంతేలే. నువ్వయితే ఇట్లా రాయవు. నీకు నేను చూపించినా కదా."

మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. మరి నిజంగా నమ్మే అన్నాడా, లేక అంతా తెలిసీ నేను ఒప్పుకోవడానికి ఒక దారి వదిలాడా? ఏదైనా నేను ఒప్పుకోలేదు. కనీసం మర్నాడు ఆటోనైనా ఆపించలేదు. ఉద్యోగం పోతుందన్న భయమని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను గానీ, భయం కాదు, ఆ మాట బ్రహ్మాండంగా పనిచేస్తోందన్న గర్వం.

రెండేళ్ళు తిరక్కుండా ఆయన మగ్గం తీసేసి, మరమగ్గాల షెడ్డులో కూలికి చేరాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే పోయాడు. దినాలకు ధర్మవరం వెళ్ళాను. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంత పూడ్చి సిమెంటు వేశారు. దాని పైన గోడకు ఆ లామినేషన్ పేజీ వేలాడుతోంది. వచ్చిన చుట్టాలకు వదిన నన్ను చూపించింది.

"ఈ అబ్బే రాసిండేది. మా ఆయప్ప గురించి ఇంత బాగా ఎవురూ రాయలా."

అందరూ నా వైపు చూశారు. తల వంచుకున్నాను. వినయమనుకున్నారు.

వదిన ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. రైలెక్కితే పూట ప్రయాణం కూడా కాదు. వెళ్ళలేదు. వెళతానని మీకు మాట ఇవ్వను, నా మాటల సంగతి మీకిప్పుడు తెలుసు. కానీ ఆ రోజు అక్కడ అనాల్సిన మాట ఇక్కడైనా అంటాను, కొంచెం ఊపిరాడుతుంది. వదినా, ఆ పాంప్లెట్టు రాసింది కూడా ఈ అబ్బే.