అడవిలో కట్టిన చెరకు పందిరి

కొండలనూ, కొండల మీది మంచునూ, ఆ మంచులో దారి తప్పని ప్రాణులనూ కలుగజేసిన దేవునికి స్తోత్రం. బుద్ధి తక్కువైన నన్ను కూడా ఆయనే కలుగజేశాడు గనుక ఇంకోసారి స్తోత్రం. ఆ బుద్ధితో నేను చేసిన ఘనకార్యం ఒక అడవి దారినే మూయించింది. చెబుతాను, వినండి.

అప్పట్లో నేను పుంగనూరులో మా సంఘ యౌవనస్థులకు కార్యదర్శిని. కుప్పం అవతలి అడవిలో జనం పగటిపూట నడిచి చూసి రావడానికి అటవీశాఖవారు కొత్తగా కాలిబాట తెరిచారని విని, చూడడానికి వెళ్లాను. గేటు దగ్గర వాచర్ మునెప్ప ముందే చెప్పాడు.

"సామేలప్పా, ఈడ ఏనుగులు తిరుగుతాండాయి. తినేది ఏదీ పైకి తేవద్దు. ఏనుగు జనం ఉండే చోటికి అలవాటు పడిందంటే దావ మూసేస్తారు. అడివి సూడాలని జనం ఎన్నాళ్లు అడిగితే తెరిచినారో!"

"ప్రార్థన చేసుకునేవాళ్లం మునెప్పా, మావల్ల అడవికేం హాని?" అన్నాను.

దారి చివర పెద్ద బండ, దాని పక్కన వెదురు. బండ మీద కూర్చున్నాను. వెదురు పొదల్లోంచి మంచు మెల్లగా వచ్చి నా కాళ్ల చుట్టూ తిరిగింది. ఆదికాండం రెండో అధ్యాయంలోని ఏదెను తోటలోకి చెప్పులతో నడిచి వచ్చేసినట్టనిపించింది. పంటలో తొలి భాగం దేవునికి కానుకగా తెచ్చే మా కోత పండుగ ఇక్కడే జరగాలి! మునెప్ప తినేవి వద్దన్నాడు, నిజమే. కానీ కానుకలు తినేవా? దేవునివి కదా! చూశారా, నా వేదాంతం?

పండుగ ఆదివారం పొద్దున్నే టార్పాలిన్ పట్టలో చుట్టి అన్నీ మోసుకొచ్చాం. గేటు దగ్గర మునెప్ప ఆపాడు.

"ఏముండాదప్పా దీంట్లో?"

"పందిరి సామాను."

అబద్ధం కాదు. పెద్దపంజాణి చెరకు గడలు, అరటి గెలలు, పనసపండు, మదనపల్లె టమేటాల గంప. అన్నీ పందిరికి కట్టేవే. బండ కింద కట్టాం కూడా.

పాస్టరు అయ్యగారు కళ్లద్దాల మీది మంచు తుడుచుకుని చూశారు. "ఒరే సామేలూ, ఇది కోత పండుగా, పెండ్లి పందిరా?"

ప్రార్థన అయ్యాక, ఆనవాయితీ ప్రకారం కానుకల వేలం నేనే మొదలుపెట్టాను. పనసపండు తలకెత్తుకుని అరిచాను.

"ఒకటోసారి! రెండోసారి!"

వెదురు వెనక నుంచి ఒక గొంతు పలికింది. మా పాటల బృందంలో అంత లోతైన గొంతు ఎవరికీ లేదు. మంచులో ఒక చిన్న కొండ కదిలింది.

మునెప్ప పరుగున వచ్చాడు. "అందరూ బండెక్కండి! నోరు మెదపొద్దు!"

ఎక్కేశాం. కింద ఏనుగు, ఆలస్యంగా వచ్చినా తన కుర్చీ ఖాళీగా ఉంటుందని తెలిసిన సంఘపెద్దలా నింపాదిగా నడిచొచ్చింది. గడ తర్వాత గడ లాగి నమిలింది. ఎండ పొడ వచ్చింది. దాని చుట్టూ మంచు బంగారు పొగలా తేలింది. సృష్టి తొలి ఉదయం ఇలాగే ఉండి ఉంటుందని నేను భయం కూడా మరిచి కలలో ఉన్నట్టు చూశాను.

పక్కన మార్తమ్మత్త గుసగుసలాడింది. "పనసపండుకు నేను పాట పెంచాలనుకుంటినిరా."

"దిగి పెంచత్తా."

ఏనుగు వెళ్లాక మునెప్ప తల పట్టుకుని కూర్చున్నాడు. "పందిరి సామాను అంటివే సామేలప్పా! రుచి మరిగినాడు, ఇంక రాకుండా ఉంటాడా?"

తొక్కా, పిప్పీ, ఆకూ ఏరి మూటగట్టి నా నెత్తినే మోశాను. ఏనుగు ఆ చోటు మరిచేదాకా దారి మూసేశారు. నేను ప్రతి ఆరాధనలోనూ మోకాళ్లూని, "ప్రభువా, దానికి మతిమరుపు దయచేయి" అని బతిమాలాను. ఏనుగుకు మతిమరుపు! ఎంత పెద్ద అద్భుతం అడుగుతున్నానో అప్పుడు తట్టలేదు.

చివరికి మునెప్ప ఫోన్ చేశాడు. అయ్యగారి ఎదుటే స్పీకరు పెట్టి మాట్లాడాను.

"దావ తెరిచినారు సామేలప్పా! పాపం, ఆ ఏనుగు ఆదివారం ఆదివారం వచ్చి బండకాడ నిలబడి, సూసి సూసి పోతాండె. ఇప్పుడు మానుకున్యాడు."

అయ్యగారు నిట్టూర్చారు. "వానొచ్చినా ఎండొచ్చినా ఆరాధన తప్పనివాడు ఒక్కడు దొరికితే, వాణ్ణీ ప్రార్థన చేసి మరీ మాన్పించావు కదరా!"

ఒట్టు పెట్టుకోవద్దని వాక్యం గనుక, అవునంటే అవును అని మాత్రం చెబుతున్నాను: ఇకపై అడవికి పాటల పుస్తకం, నీళ్ల సీసా తప్ప జేబులో చెనిక్కాయ గింజ కూడా తీసుకుపోను. మీరూ నాతో కలిసి తల వంచండి: ప్రభువా, అడవిని అడవిలాగే కాపాడు, సామేలు సంచిని గేటు దగ్గరే విప్పించు. ఆమేన్.