మా అమ్మాయికి నేను ఇప్పించిన కంప్యూటర్ సైన్స్ సీటు

ఒక్క బంతి ముట్టుకోకుండా, ఒక్కసారి కోర్టులో కాలు పెట్టకుండా, సీజన్ మొదలవకముందే ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ టీమును ముంచబోయిన ఘనుడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఎవరో మీరు ఊహించే ఉంటారు. ఊహించకపోయినా ఫర్వాలేదు, మా ఆవిడ సుజాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ కాఫీతో పాటు ఈ కథ కూడా అందిస్తుంది. ఆవిడ చెబితే నా పరువు మరీ పల్చబడుతుంది కనుక నేనే చెప్పుకుంటున్నాను.

అది రెండువేల పదకొండు వేసవి. మేం న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్ళం. మా అమ్మాయి మేఘన కాలేజీ టీములో బాస్కెట్‌బాల్ ఆడేది. పొడుగు వాళ్ళమ్మ వైపు నుంచి వచ్చింది, మొండితనం కూడా అటు నుంచే అని నా అభిప్రాయం. డిగ్రీ పూర్తయింది. మధ్యలో మోకాలి దెబ్బ వల్ల ఒక ఏడాది ఆడలేదు కాబట్టి, ఇంకొక్క ఏడాది ఆడే హక్కు మిగిలి ఉంది. ఒహాయోలో ఒక కాలేజీ కోచ్ ఆ ఒక్క ఏడాదీ తమ టీముకు ఆడమని పిలిచింది.

దానికి ఒక రూలు ఉంది. ఆ రూలును మేఘన నాకు కార్లో వివరంగా చెప్పింది. నేనప్పుడు శనివారం సాయంత్రం ఐసెలిన్‌లో, ఇండియన్ దుకాణాలన్నీ వరసగా ఉండే ఓక్ ట్రీ రోడ్డు మీద, పార్కింగ్ కోసం వెతుకుతున్నాను. ఆ సమయంలో అక్కడ సాక్షాత్తూ గీతోపదేశం జరిగినా మగవాడి చెవికి ఎక్కదు.

"నాన్నా, వింటున్నావా? మామూలుగా కాలేజీ మారితే ఒక ఇయర్ ఆడనివ్వకుండా కూర్చోబెడతారు. నాకు డిగ్రీ అయిపోయింది కదా, అక్కడ మాస్టర్స్ చేస్తే వెంటనే ఆడొచ్చు. కానీ ఆ కోర్స్ నా పాత కాలేజీలో ఉండకూడదు. చదువు కోసమే మారాను అని వాళ్ళకి తెలియాలి. అందుకే ఆ రూల్."

"ఊఁ. అదిగో, ఆ వ్యాన్ తీస్తున్నాడా?"

"తీయట్లేదు నాన్నా. ఇప్పుడే పెట్టాడు."

ఆ మొత్తం సంభాషణలో నా బుర్రలో నిలిచింది వ్యాన్ సంగతి ఒక్కటే.

ఇంతకీ ఆమె ఎంచుకున్న కోర్సు పేరు పార్క్స్ అండ్ రిక్రియేషన్. అంటే ఊళ్ళో పార్కులూ ఆటస్థలాలూ నడిపించే చదువు. పేరు వినగానే నాకు నీరసం వచ్చింది.

"పార్కు నడపడానికి మాస్టర్స్ ఎందుకమ్మా? గేటు పొద్దున తీస్తారు, సాయంత్రం వేస్తారు."

"నాకు ఇష్టం నాన్నా, అందుకే తీసుకున్నా."

"ఆట కోసం తీసుకున్నావు. ఆ మాత్రం నాకు తెలియదా?"

మేఘన బంతి తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

నా కష్టం మీకు అర్థం కావాలంటే మీరు ప్లెయిన్స్‌బరోలో సాయంత్రం వాకింగ్ చేసి ఉండాలి. అపార్ట్‌మెంట్ల మధ్య ప్రతి మలుపు దగ్గరా ఒక మనవాడు ఎదురై "మీ అమ్మాయి ఏం చేస్తోందండీ?" అంటాడు. నేను "మాస్టర్స్" అనేసి, రెండో ప్రశ్న వచ్చేలోగా నడక వేగం పెంచేవాణ్ణి. ఆ వేసవిలో నేను బరువు తగ్గింది అందుకే.

ఆగస్టులో మేఘనను దింపడానికి ముగ్గురం ఒహాయో వెళ్ళాం. ఆమె ప్రాక్టీసులో ఉండగా నేను ఊళ్ళో ఉన్న ఏకైక ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాను. అక్కడ ఒక పెద్దమనిషి బెండకాయల కొసలు విరిచి చూస్తున్నాడు. అలా విరిచేవాడు మనవాడే అయ్యుంటాడని పలకరించాను. నా ఊహ తప్పలేదు. కరీంనగర్ ఆయన, పేరు రాజిరెడ్డి, మేఘన చేరబోయే యూనివర్సిటీలోనే కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్.

"పిల్ల ఏం చదువుతాందన్నా?" అన్నాడు.

పార్కులు అనే మాట నా నోటి దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. "ఇంకా ఫైనల్ అవలేదండి. మ్యాథ్స్‌లో డిగ్రీ. కంప్యూటర్స్ అయితే బాగుంటుందని..."

"ఫికర్ చేయకు. మా దగ్గర సీట్లున్నయ్. ప్రోగ్రాం మార్చాలని ఆన్‌లైన్ల రిక్వెస్ట్ పెట్టమను. నేను చూస్కుంట."

బాస్కెట్‌బాల్ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే పిల్లకు చదువు మీద శ్రద్ధ లేదనుకుంటాడని భయం. చెప్పి ఉంటే ఆ మహానుభావుడు అక్కడే, బెండకాయల సాక్షిగా, నన్ను ఆపేసేవాడు.

మా ఇంట్లో ఏ అప్లికేషన్ అయినా నింపేది నేనే. ట్యాక్సుల నుంచి మేఘన కాలేజీల దాకా అన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి. "నాకు ప్రాక్టీస్ ఉంది, నువ్వే చూడు నాన్నా" అని ఆమే అప్పగించేది. ఆ అలవాటు కొద్దీ హోటల్ గదిలో కూర్చుని, ఆమె అకౌంట్‌లోకి వెళ్ళి, పార్కులు తీసేసి కంప్యూటర్లు పెట్టేశాను. ఇంటిపేరు కాపాడినవాడిలా నడుం వాల్చాను.

"దానికి చెప్పారా?" అంది సుజాత.

"సర్‌ప్రైజ్."

"మీ సర్‌ప్రైజులతో నాకు కాపురమంతా అనుభవం. ముందు చెప్పి ఏడవండి."

నేను చెప్పలేదు. రెండు రోజుల్లో ఆమోదం వచ్చింది. మైసూర్‌పాక్ కొనుక్కొచ్చి, ప్రాక్టీస్ నుంచి అలసిపోయి వచ్చిన మేఘన నోట్లో పెట్టాను.

"ఏంటి విశేషం?"

"ఇవాళ్టి నుంచి నువ్వు కంప్యూటర్ సైన్స్."

మేఘన నమలడం ఆపింది. "నాన్నా, నా పాత కాలేజీలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ ఉంది కదా."

"ఎందుకు లేదు, భేషుగ్గా ఉంది."

"అయితే నేను ఆడలేను."

"అదేంటమ్మా, ఆట ఆటే, చదువు చదువే."

"కార్లో చెప్పాను. నువ్వు ఊఁ అన్నావ్."

సుజాత నా వైపు చూసిన చూపును ఇక్కడ వర్ణించను, ఇది పిల్లలు కూడా చదువుతారు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. మా ఇంట్లో అప్లై చేస్తే ఉన్న సీటు పోయింది.

మేఘన అరిచి ఉంటే నేనూ అరిచి గట్టెక్కేవాణ్ణి. ఆమె అరవలేదు. "ఇదే లాస్ట్ ఇయర్ నాన్నా. మళ్ళీ రాదు" అని, బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చుంది. ఆ మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు కూడా ఆ పిల్ల అంత చిన్నగా కనబడలేదు.

టీములో రూల్స్ చూసే ఆఫీసరు ఒక్కటే దారి చెప్పింది. క్లాసులు మొదలయ్యేలోగా పార్కుల శాఖ ఆమెను వెనక్కి తీసుకుంటే సరి, లేదంటే ఈ ఏడాది ఆట లేనట్టే. మర్నాడు పొద్దున్నే తండ్రీ కూతుళ్ళం ఆ శాఖాధిపతి డాక్టర్ హ్యారిస్ ముందు కూర్చున్నాం. అక్కడ మాటలన్నీ ఇంగ్లీషులో జరిగాయి. అవమానం తెలుగులో అయితే బాగా పండుతుందని ఇలా రాస్తున్నాను.

"ఆట కోసం మా కోర్సులో చేరి, సీజన్ అయిపోగానే మాయమయ్యేవాళ్ళను చాలామందిని చూశాను" అన్నాడు హ్యారిస్. "మీ అమ్మాయి సీజన్ మొదలయ్యేదాకా కూడా ఆగలేదు."

నేను తయారు చేసుకొచ్చిన ఉపన్యాసం ఎత్తుకున్నాను. "మా కుటుంబంలో అందరికీ పార్కులంటే ప్రాణం సార్."

"సంతోషం. మీ ఇంటి దగ్గర పార్కు పేరేమిటి?"

వెళ్ళని రోజు లేదు గానీ, బోర్డు చదివిన రోజు లేదు. మేఘన నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఇక చాలు అని దాని అర్థం.

"నేను ఆట నేర్చుకున్నది మా అపార్ట్‌మెంట్ వెనక పార్కులో" అంది హ్యారిస్‌తో. "కోర్టు ఉండేది, కానీ సాయంత్రమైతే పెద్ద అబ్బాయిలు వచ్చి మమ్మల్ని పొమ్మనేవాళ్ళు. అమ్మాయిలం ఎండలో మధ్యాహ్నం పూట ఆడేవాళ్ళం. ఊరి టౌన్‌షిప్ ఆఫీసుకి ఉత్తరం రాస్తే, కోర్టు అందరిదీ అని జవాబిచ్చారు. కోర్టు కట్టడంతో అయిపోదు, ఎవరికి ఎప్పుడు చోటు దొరుకుతుందో చూసే మనిషి కావాలి. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఆడటమూ కావాలి, అది దాచను."

ఆ పార్కులో బెంచీ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నది నేనే. పిల్ల మధ్యాహ్నమే ఎందుకు ఆడుతోందని ఒక్కనాడూ అడగలేదు. నాకు సిగ్గేసింది. దాని వెనకే, చెప్పకూడదు గానీ, బోలెడంత గర్వం కూడా వచ్చింది.

హ్యారిస్ నా వైపు తిరిగాడు. "మరి కంప్యూటర్లకు మార్చింది?"

"నేనే సార్."

"మీకు కంప్యూటర్లంటే అంత ప్రేమా?"

"ప్రేమ అని కాదు... ఉద్యోగం."

"మీరేం చదివారు?"

"మైనింగ్ ఇంజనీరింగ్. ఈ దేశంలోనే మాస్టర్స్ చేశాను."

"గనులంటే ఇష్టమా?"

"సీటు వచ్చింది సార్."

"గనిలో పని చేశారా?"

"ఒకసారి బస్సులోంచి చూశాను."

డాక్టర్ హ్యారిస్ కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. "చదువు వంక పెట్టుకుని వచ్చేది ఆటగాళ్ళే అని ఇన్నేళ్ళూ అపోహపడ్డాను" అంటూ మేఘనను వెనక్కి తీసుకున్నాడు.

మేఘన ఆ ఏడాదంతా ఆడింది. మొదటి మ్యాచ్‌కి సుజాతా నేనూ ఆ రోజు దాకా ఆగలేక ముందురోజే వెళ్ళి కూర్చున్నాం. ఆమె కోర్టులోకి రాగానే నేను లేచి చప్పట్లు కొడుతుంటే, పక్కసీటాయన "మీ అమ్మాయా?" అన్నాడు. "పార్కుల్లో మాస్టర్స్ చేస్తోంది" అని గట్టిగా చెప్పాను. ఆయన దాని గురించి అడగనే లేదు. అయినా విరామం దాకా వివరించాను.

అందుచేత, పాఠకుల సమక్షంలో, సుజాత సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా పిల్లల కోర్సు జోలికి, సీటు జోలికి, అకౌంటు జోలికి పోను. ఈ ప్రమాణాన్ని ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు. హ్యారిస్ గదిలోంచి బయటికి రాగానే మేఘన పాస్‌వర్డ్ మార్చేసింది.