తీసుడు, తీసేసుడు

మా మనుమరాలి కంప్యూటర్‌లో బొమ్మలుండవు. నల్లటి తెర, దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, అంతే. గోడాదరాలో మా గల్లీ పిల్లల కంప్యూటర్లలో రంగులు చూసి, దీనికేమన్నా రోగమొచ్చిందా అనుకున్నాను మొదట్లో. ఆ పిల్లకు పుట్టుకతోనే చూపు లేదు. బొమ్మలు పెట్టుకొని ఏం చేసుకుంటుంది? అక్షరాలైతే లోపలి గొంతు చదివి చెబుతుంది. ఇయర్‌ఫోన్ వైరు తెగితే కొత్తది కొననియ్యలేదు నేను, దారం చుట్టి కట్టాను. అప్పటినుంచి ఒక చెవికే వినబడుతుంది. ఒక చెవి చాలదా?

ఆ నల్ల తెరలో తను వాడేది బీరువా లాంటిదట. ఏ అరలో ఏముందో వెతుక్కోవడం, తెరవడం, ఇక్కడిది అక్కడ పెట్టడం, అన్నీ బటన్లతోనే. మౌసు ముట్టదు, బాణం గుర్తు ఎటు పోయిందో చూస్తే కదా దానితో పని! కాని బీరువాకు ఆ బటన్లు పెట్టినవాళ్లు కండ్లున్నవాళ్లు. చదివే గొంతుకూ బీరువాకూ ఒక్క బటన్ కాడనే కొట్లాట. "నేను నొక్కింది ఈ మాట్లాడేదే మింగుతున్నది నానమ్మా, బీరువా దాంక పోతనే లేదు" అని విసుక్కునేది. ఏ బటన్ నొక్కితే ఏ పని కావాలో రాసి ఉండే చోటు లోపల ఒకటుంటుంది. అక్కడికి పోయి రాత మార్చి, బీరువా మూసి, మళ్లీ తెరిచి, చెవి పెట్టి వినేది. కుదరకపోతే మళ్లీ మార్చేది. అన్నం చల్లారిపోతున్నా లేచేది కాదు, తిట్లు తినేది.

మా ఇంటాయన జోల్వాలో సాంచెలు నడిపేవాడు. కరెంటు మగ్గాన్ని మేము సాంచె అంటాం. ఆ చప్పుట్లో ఫోనెత్తితే మనిషి మాట వినబడదు. అందుకని చెప్పేదేదో ఫోన్‌లోకి గట్టిగా అరిచి, ఆ గొంతును మనుమరాలికి పంపేవాడు. నాది బటన్ల ఫోన్, పెద్ద ఫోన్ దండుగని నేనే వద్దన్నాను. ఆ పిల్ల ఒక్క చెవితో విని, "తాత ఇయ్యాల లేటుగొస్తడట" అని నాకొక ముక్క చెప్పేది. ముక్క నాకు, గొంతు దానికి.

ఆయన పోయిన తర్వాత ఆ గొంతులన్నీ అది తన బీరువాలో దాచుకుందని నాకు తెలుసు. వినిపించమని అడగడానికి నోరు రాలేదు. ఒక్క సంగతి మాత్రం తెలుసుకోవాలని మనసు గుంజేది. దానితో అంత మాట్లాడిన మనిషి, నా గురించి ఏమన్నా అన్నాడా? నేను ఆయన పేరు ఎన్నడూ పలకలేదు, ఆయనా నా పేరు పలకలేదు. ఎదురుగా ఉంటే "ఓయ్" అనేవాడు. నేను లేని చోట నన్నేమనేవాడో నాకు తెలియదు.

ఈ ఏడు దానికి వడోదరలో ఫోన్లెత్తి మాట్లాడే కొలువు దొరికింది. హాస్టల్లో ఉండాలి. కంప్యూటర్ వాళ్లే ఇస్తారట.

"పాతది అమ్మెయ్యి. ఊకెనే దుమ్ము పట్టుడెందుకు?" అన్నాను.

"అమ్మను. అది నీకే."

"నేనేం జేస్కోవాలె?"

"తాత ఉన్నడు దాంట్లె."

నేను బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉన్నాను.

"నువ్వు అడగవని నాకెరుకే గని, రా, కూసో. ముందుగాల మాటలు చెప్పు. తెరవాలంటే నువ్వేమంటవ్?"

"తలుపు తియ్యి అంట. ఇంకేమంట?"

"గట్లయితే తియ్యికి టీ. కిందికి పోవాలంటే కే, మీదికి ఎమ్, ఆపుకు ఏ. అయిపాయె."

"నాకు ఇంగ్లీషు రాదు కదనే పోరీ."

మూడో తరగతి దాకా తెలుగు చదివాను నేను. కాగితం ముక్కల మీద తి, కి, మీ, ఆ అని రాసి, మైదాతో ఆ బటన్లకు అతికించాను. దాని వేళ్లు తగిలి, "ఏంది నానమ్మా, బటన్లకు రొట్టె ముక్కలంటించినవా?" అని నవ్వింది.

"పాడైనదుంటే తీసెయ్యాలె గద. అది గూడ పెట్టు" అన్నాను, ఇల్లన్నాక ఊడ్చుకోవాలి కదా అని.

"తీసెయ్యికి గూడ టీ నే వచ్చె. సరే, దానికి పెద్ద టీ."

ఇంగ్లీషులో అక్షరానికి చిన్నదీ పెద్దదీ ఉంటాయట. నాకు సగమే అర్థమైంది. మన తి ఒక్కటే కదా.

అది వాళ్లమ్మతో రింగ్ రోడ్‌కు బట్టలు కొనడానికి పోయిన రోజు పొద్దున్నే, ఒక్కదాన్నే కూర్చున్నాను. కిందికి, కిందికి, తియ్యి. సాంచెల చప్పుడు గదిలోకొచ్చింది. ఆ చప్పుట్లోంచి ఆయన దగ్గు. మాట కూడా కాదు, దగ్గు. తట్టుకోలేక, ఆపుదామని గబగబా నొక్కాను. వేలు దాని పక్క బటన్ మీద పడి ఏదో చిన్న దీపం వెలిగింది. దగ్గు దానంతటదే ఆగిపోయింది. మనసు కుదుట పడ్డాక ఇంకొకటి విందామని తియ్యి నొక్కాను. చప్పుడు రాలేదు. గొంతు ఇంగ్లీషులో ఒక మాట అన్నది. వినలేదేమోనని మళ్లీ నొక్కాను, మళ్లీ నొక్కాను. చదవరాకున్నా కండ్లున్నాయి కదా, తెర మీద వరసలు తగ్గుతున్నాయి. నొక్కినప్పుడల్లా ఒకటి మాయం.

చేతులు ఒళ్లో పెట్టుకొని, వాళ్లొచ్చేదాకా అట్లనే కూర్చున్నాను.

"ఇంట్ల అన్నం వాసన లేదేంది?" అంది అది గడప కాడనే.

"మీ తాతను తీసేసిన" అన్నాను.

చెప్పులు విప్పకుండానే వచ్చి బటన్లు తడిమింది. కాసేపు విన్నది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది.

"నవ్వకే! పాణం పోతున్నది నాకు."

"ఆపు పక్కన నొక్కినవ్ నువ్వు. గా బటన్ నొక్కితే అన్నీ పెద్ద అక్షరాలైతయి. నువ్వు తియ్యి అంటున్నవ్, అదేమో తీసెయ్యి అని వింటున్నది."

"పోయినట్టేనా?"

"టెన్షన్ మత్ లో నానమ్మా, ఏం కాలే. చిరిగిన గోనెసంచి గూడ పారెయ్యని ముసల్దానికి నేను పారేసే బటన్ ఇస్తనా? నువ్వు తీసేసినయన్ని పక్క అరల పడేటట్టు పెట్టిన. ఇగో, తెస్తున్న."

ఒక్కొక్కటే వరసలు మళ్లీ తెర మీదికొచ్చాయి. అప్పుడు నేను లేచి నీళ్లు తాగాను.

"పెద్ద టీని మారుస్త. పారెయ్యి అని పీ పెట్టన్నా?"

"వద్దు. నాకు తీసేసుడే వద్దే. తీసుడొక్కటి చాలు."

రాత మార్చింది. ఆ పక్క బటన్‌ను కూడా మూగ చేసింది. "నేనుండంగ ఒక్కటన్న విను" అంటే, "నువ్వు పోయినంక వింట" అన్నాను.

అది పోయాక మధ్యాహ్నాలు, పని తీరినప్పుడు కూర్చుంటున్నాను. ఎక్కువ శాతం ఉత్త ముచ్చట్లే. కరెంటు పోయింది, ఆటో దొరకలేదు, సేటు ఆగమన్నాడు. ఒక దాంట్లో, "మీ నానమ్మ టిఫిన్ల కారం దంచి పోసింది బిడ్డా, నోరు మండుతున్నది. ఆమెకు జెప్పకు" అన్నాడు. ఆ మనిషి మీద నాకు కోపమొచ్చింది. ఎదురుగా ఒక్కనాడూ అనలేదు, డబ్బా తుడిచినట్టు ఖాళీ చేసి తెచ్చేవాడు. కోపంతోనే దాన్ని ఎన్నిసార్లు పెట్టుకున్నానో.

మొన్న ఇంకొకటి దొరికింది. "బిడ్డా, మీ నానమ్మకు జెప్పు" అన్నాడు. ఆ మీదటిది సాంచెలు మింగేశాయి. తెర దగ్గరికి చెవి పెట్టి విన్నాను. ఆయన ఏదో చెబుతున్నాడు, నెమ్మదిగా, అరవకుండా. మాట మాత్రం దొరకలేదు.

వడోదరకు ఫోన్ చేశాను.

"మీ నానమ్మకు జెప్పు అన్నంక ఏమన్నడే?"

"అదా? నాకు గూడ సమజ్ కాలే నానమ్మా. తాత సాంచెల కాడినుంచి బయటికొచ్చినంక ఫోన్ చేసి అడిగిన. ఇంటికొచ్చినంక నేనే చెప్త తియ్యి, అన్నడు."

నేను ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"చెప్పిండా మరి నీకు?"

ఆ రోజు ఏదో నాకు గుర్తు లేదు. ఎన్నో రోజుల్లాగే వచ్చి ఉంటాడు, కాళ్లు కడుక్కొని పీట మీద కూర్చుని ఉంటాడు.

"ఆఁ, చెప్పిండు. నువ్వు తిన్నవా?" అని ఫోన్ పెట్టేశాను. చప్పుడు జర తగ్గే చోటు ఏమన్నా ఉందేమోనని, మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను.