సగం చేరిన కబురు

మొన్న క్లాసులో ఒకమ్మాయి లేచి, పాడైపోయి వచ్చిన సందేశాన్ని పారేసి మళ్లీ పంపమంటే సరిపోతుంది కదా మేడమ్, దాన్ని దాచుకోవడం దేనికి అని అడిగింది. పుస్తకంలోని జవాబు చెప్పి కూర్చోబెట్టాను గానీ, ఆ సంగతి నాకు నేర్పింది పుస్తకం కాదు, మా అత్తయ్య.

స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజుల్లో, విజయనగరంలో లెక్చరర్‌గా కుదురుకుంటున్న కొత్తలో, శృంగవరపుకోట అవతల కొండవాగు పైభాగాన నీటిమట్టం కొలిచే పెట్టె ఒకటి, కింద బళ్లు దాటే చోట సైరన్ ఒకటి పెట్టాను. పైన నీరు పెరగగానే రేడియోలో కబురు కిందికి చేరాలి, సైరన్ మోగాలి, బళ్లు ఆగాలి. మావాళ్లు గెడ్డ అనే ఆ వాగులోంచే మా మరిది ఆటో రోజూ బడిపిల్లలతో దాటేది కాబట్టి, నాకది ఉత్త ప్రాజెక్టు కాదు. ఎండలో అన్ని పరీక్షలూ నెగ్గిన పెట్టె మొదటి పెద్దవానకే చేతులెత్తేసింది. తడిసిన చెట్లు ఊగుతుంటే సిగ్నల్ క్షణం వచ్చి క్షణం పోయేది. కబురులో ఒక్క ముక్క చెడినా నా ప్రోగ్రాం మొత్తం చెరిపేసి మళ్లీ పంపమనేది. మళ్లీ వచ్చిందీ ఇంకోచోట చెడేది. సైరన్ మోగనే లేదు. నీళ్లు సీటు దాకా వచ్చాక మరిది ఎలాగో పిల్లలతో ఒడ్డెక్కాడు. ఇంటికొచ్చి తడిసిన సీటు విప్పి వసారాలో ఆరబెట్టుకుంటుంటే చూడలేకపోయాను.

ఆ ఆదివారం చర్చిలో వారంలో జరిగే ప్రార్థన కూటాల ప్రకటనలు చదువుతుంటే, చెవులు సరిగా వినబడని మా అత్తయ్య ఎప్పటిలాగే నన్ను మోచేత్తో పొడిచి, "బుధవారం కూటం వరకూ ఇన్నానే. ఎవలింట్లోనో అదొక్కటే సెప్పు" అంది. ఏళ్లుగా వింటున్న మాటే. తాను విన్న సగాన్ని ఆవిడ ఎన్నడూ పోగొట్టుకోలేదు, మిగిలినది మాత్రమే అడిగేది. ఇంత చదువూ చదివిన నేనేమో, చేతికొచ్చిన సగాన్ని ప్రతిసారీ చెత్తబుట్టలో పడేస్తున్నాను. సిగ్గేసింది, ఆ వెంటనే ధైర్యమూ వచ్చింది.

వారమంతా కూర్చుని ప్రోగ్రాం తిరగరాశాను. చెడిన కబురును దాచి, తర్వాత వచ్చినదాంతో కలిపి చూసి, అప్పటికీ తేలకపోతే సరిదిద్దుకోవడానికి కావలసిన ముక్కను మాత్రమే అడిగేలా చేశాను. ఈసారి సైరన్ మోగి తీరుతుందని నాకు గట్టి నమ్మకం. తర్వాతి వానకు మరిది ఒడ్డునే ఆటో ఆపి ఫోన్ చేసి, "వదినా, మోగతన్నాది!" అని అరిచాడు. వెనక పిల్లల గోల వినబడుతుంటే స్టాఫ్‌రూములో అందరి ముందూ ఏడ్చేశాను.

ఇప్పుడు గెడ్డ మీద వంతెన కట్టారు. నా పెట్టెను విప్పేశారు, విప్పేయవలసిందే. ఎంత వాన కురిసినా బళ్లు ఆగకుండా పోతున్నాయి, కింద నీరెంత ఉందో తొంగిచూసేవాళ్లు కూడా లేరు. నేను కోరుకున్నదీ అదే. అయినా ఒక కబురు చేరడం మీద అన్ని ప్రాణాలు ఆధారపడినప్పుడు నేను ఎంత అవసరమయ్యానో, అంతగా మళ్లీ ఎవరికీ అవసరం కాలేదు.