నా ఫైలును ఆపిన శత్రువు

చేజేతులా నేను చేసుకున్న ఘోరం ఒకటి చెబుతాను. నవ్వుకోండి. కానీ ఎవరెవరు నవ్వారో నేను రాసిపెట్టుకుంటాను.

గుడియాత్తం దగ్గర మా నాయన ఇచ్చిన రెండెకరాల్లో సగం మా చెల్లెలు సరోజది. పట్టా మాత్రం ఇద్దరి పేరా ఉమ్మడిగా ఉండేది. దాన్ని విడగొడితేగానీ ఆమె బోరుకు కరెంటు ఇవ్వలేమన్నారు. బోరు వేసి రెండు వేసవులైంది. మోటారు గోనెసంచి కప్పుకుని పడుకుంది. చేలో శెనక్కాయ ఎండుతోంది.

పట్టా కోసం అర్జీ పెట్టిన మొదటిరోజే వేలూరు ఆఫీసులో గుమాస్తా నన్ను, "లైన్లో నిలబడప్పా" అన్నాడు. ఆ లైన్లో నేనొక్కణ్ణే ఉన్నాను! ఆ మాట ఇప్పటికీ మరవలేదు. ఫైలు కదలకపోయేసరికి తొక్కిపెట్టింది అతనేనని తేల్చేశాను. సత్తువాచారిలోని కలెక్టరాఫీసులో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు. మావైపు వాటిని మనులంటారు. ఒక్క సోమవారం వదలకుండా వెళ్ళి ఒక్కో మను ఇచ్చి వచ్చాను. అయినా కదల్లేదు. చివరికి సమాచార హక్కు కింద అడిగాను: నా ఫైలును ఆపిందెవరు? ఎప్పుడు? ఎందుకు?

గురువారం వచ్చి ఫైలు చూసుకోమని జవాబొచ్చింది.

చెల్లెలితో వేలూరు బస్సెక్కాను. పొద్దుటి మంచులో కొండలు మెల్లగా వెనక్కి జారుతుంటే రెప్పలు వాలాయి. కలలో గుమాస్తా ఆఫీసు మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పెద్ద ఆఫీసరు నా భుజం మీద చెయ్యేసి క్షమాపణ అడుగుతున్నాడు. వంతెన కింద పాలారు నిండుగా, వెండిలా పారుతోంది. నేను దయతో అందరినీ క్షమించబోతున్నాను.

"అన్నా, నోరు మూసుకో, ఈగ దూరతాది" అని చెల్లెలు మోచేత్తో పొడిచింది. చూస్తే వంతెన కింద ఇసుకే.

ఆఫీసులో ఆ గుమాస్తానే ఎదురొచ్చాడు. "రాండప్పా, కూచోండి" అన్నాడు. కిటికీలోంచి పడిన ఎండలో దుమ్ము తీరిగ్గా ఈదుతోంది. ఫ్యాను నిద్రలో తిరుగుతోంది. ఆ గదిలో తొందరంతా నాదే. తడిసిన పరుపులాంటి ఫైలును తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇంత లావు ఉండాదే! ఎవరెవరు రాసినారు ఇదంతా?"

"మీరేనప్పా. అన్నీ మీ మనులే."

"అది సరే, ఆపినోడి పేరు చెప్పండి. భయపడొద్దు, నేనుండాను."

అతను వేలు తడుపుకుని కాగితాలు తిప్పాడు. "ఇదో, సర్వే ఎప్పుడో అయిపోయింది. సంతకానికి పైకి పంపినాము. సోమవారం మీ మను వచ్చింది. అదే సంగతి గదా, ఫైల్లో చేర్చి మళ్ళా నా కాడ్నుంచి మొదలుపెట్టాల. పెట్టినాము. పైకి పోయే లోపల మళ్ళా సోమవారం వచ్చింది."

చెల్లెలు మెత్తగా అడిగింది: "ఆ శత్రువు పేరు తెలిసిందా అన్నా?"

నేను వినపడనట్టు, "ఇప్పుడు యాడ ఉండాది మరి?" అన్నాను.

"పోయిన సోమవారం సెలవు. మీరు రాలేదు. అందుకని నిన్న ఆఫీసరు టేబుల్ దాకా చేరింది. ఈ పొద్దు సంతకం అయిపోవాల."

"అయిందా?"

"యాడయింది? మీరు చూడాలంటిరి గదా, కిందికి ఎత్తుకొచ్చేస్తిని."

బయట జీపు స్టార్టయింది.

"ఆఫీసరే. రేపట్నుంచి నెల్రోజులు ట్రైనింగు."

నేను పరుగెత్తాను. జీపు నా తెల్లచొక్కా మీద ఎర్రదుమ్ము చల్లి, కలలో వాహనంలా మాయమైపోయింది. తిరుగు బస్సులో కాట్పాడి దాకా చెల్లెలు నా చొక్కా దుమ్ము దులుపుతూనే ఉంది. తర్వాత, "నెల్రోజులు నోరూ పెన్నూ మూసుకుని ఉండన్నా. నా మీద ఒట్టు" అంది.

ఆ నెల సోమవారాలన్నీ చెట్టు కింద పడుకుని మబ్బులు లెక్కపెట్టాను. ఆఫీసరు వచ్చిన వారంలోనే చెల్లెలి పేర పట్టా చేతికందింది. రెండేళ్ళు పోరాడి సాధించలేనిది పడుకుని సాధించాను.

కాబట్టి, దిక్కులన్నీ సాక్షిగా, కదిలే ఫైలు మీద నా చేతి కాగితం ఒక్కటి కూడా ఇక వేయనని ప్రతిజ్ఞ చేస్తున్నాను. దీన్ని శుభ్రంగా రాసి, అందినట్టు రసీదు ఇవ్వమని కోరుతూ ఆ ఆఫీసుకు రిజిస్టర్ పోస్టు చేయబోతుంటే చెల్లెలు కవరు లాక్కుంది.

"కరెంటు మీటరు ఇంకా బిగించలేదన్నా!"