అడిగిన ధరకే వచ్చిన స్ప్రింగులు

జీపు ఎత్తు పెంచే స్ప్రింగులను ప్రొద్దుటూరులో నా అంత చవగ్గా కొన్నవాడు లేడు. పల్టీ కొట్టిన జీపులోంచి ఊడదీసినవని తెలిసే పాత ఇనుము అంగట్లో కొన్నాను. బట్టల కొట్ల వీధిలో పెరిగినవాణ్ణి, ఆ మాత్రం తెలివి ఉండదా?

పులివెందులలో మా చీనీతోట దారిలో రాళ్లు జీపు అడుగున గీరుకునేవి. అందుకే రెండంగుళాల ఎత్తు కావాలనుకున్నాను. అంగడాయన పన్నెండు వేలు చెబితే నాలుగన్నాను. ఆయన కసురుకోవాలి, నేను లేచి పోవాలి, ఆయన వెనక్కి పిలవాలి. అదీ పద్ధతి. ఆయనేమో "తీసకపో అప్పా" అన్నాడు. తానే మోసుకొచ్చి జీపులో వేసి, చేతులు కడుక్కున్నాకే డబ్బు అందుకున్నాడు. నా వీపు చల్లబడింది. లాభం వచ్చిన సంతోషమే అనుకున్నాను.

మెకానిక్ మధ్యాహ్నానికి బిగించాడు. పాతవి అతనికే ఇచ్చేసి కూలిలో వెయ్యి తగ్గించుకున్నాను.

పుట్టింట్లో ఉన్న నా భార్యను ఎక్కించుకుని పులివెందులలో మా ఇంటికి పోదామని జమ్మలమడుగు వెళ్లాను. చదునైన సిమెంటు రోడ్డు. ఇంజను ఆపి దిగాను. జీపు ఎడమవైపు మెల్లగా కుంగింది, ముందు సీట్లో ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు.

ఆమె వచ్చి ఆ తలుపు తీసింది. ఇంకా కాలు పెట్టలేదు. జీపు పైకి లేచింది. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"ఎవురు మామా దిగింది?"

"ఎవురూ లేరుమే. స్ప్రింగులు సర్దుకుంటాండాయి. ఎక్కు."

"యాడ కొన్నావు?"

చెప్పాను.

"ఆ జీపులో ఈ పక్క కూచున్న ఆయప్ప ఏమైనాడు?"

"అడగల్యా."

"ధర మాత్రం శానా బాగా అడిగింటావు. ఇవి తీసేదాకా నీ బండి ఎక్కను."

పులివెందులకు బస్సులో పోయింది. ఆ బస్సు వెనకే ముద్దనూరు దాకా నడిపాను. తిన్నటి రోడ్డు మీదా బండి ఎడమకే ఒరిగింది. అటు తల తిప్పలేదు. అక్కడినుంచి ప్రొద్దుటూరుకు తిప్పాను.

మెకానిక్ విప్పి కొలిచాడు. "నాలుగూ ఒకే మాదిరి ఉండాయి అప్పా. ఏం లోపం లే." అంగడాయన వాటిని ఊరికే ఇస్తానన్నా తీసుకోలేదు.

ఆమె మళ్లీ ఎక్కింది, వెనక సీట్లో. స్ప్రింగులకు నాలుగు వేలు. బిగించినందుకు రెండున్నర, విప్పి పాతవి బిగించినందుకు ఇంకో రెండున్నర. నా పాతవి నేనే కొనుక్కున్నందుకు, బేరమాడగా, పదిహేను వందలు. డీజిలు ఎనిమిది వందలు. ఆమె అడిగి తీసుకున్న బస్సు చార్జీ డెబ్భై. మొత్తం పదకొండు వేల మూడు వందల డెబ్భై. జీపు ఎత్తు మునుపటంతే.